మేడమీది తెల్లని గొడుగు - దాన్ని కదపకండి

మన ఆసుపత్రి డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన ఉన్న పెద్ద డిష్ చూసి, "సిస్టరుగారూ, అందులో ఏ ఛానళ్లు వస్తాయి?" అని చాలామంది అడుగుతుంటారు. అది టీవీ డిష్ కాదు. మనం కొండల మధ్య ఉన్నాం. ఫోన్ సిగ్నల్ సరిగా అందదు. అందుకే ఉపగ్రహం ద్వారా ఇంటర్నెట్ పెట్టుకున్నాం. రోగి ఇ.సి.జి.ని పట్నంలోని గుండె డాక్టరుగారికి పంపేది దాని ద్వారానే. మన రాష్ట్రంలో ఇది కొత్త సంగతి కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో 2000లోనే ఉపగ్రహం ద్వారా వైద్య సలహా మొదలైంది.

అంత గురి ఎందుకు?

ఈ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. భూమితో సమానంగా తిరుగుతాయి కనుక మనకు ఒకేచోట నిలిచినట్టే. ఉదాహరణకు 2018 డిసెంబరులో ప్రయోగించిన జీశాట్-11 స్థానం 74 డిగ్రీల తూర్పు రేఖాంశం. విజయవాడ నుండి దాన్ని చూడాలంటే ఉత్తరం నుండి కుడివైపుగా లెక్కపెట్టి 202 డిగ్రీలు, అంటే దక్షిణానికి కాస్త పడమరగా తిరగాలి. తల 69 డిగ్రీల పైకెత్తాలి. ఇక్కడ డిష్ ఒక్క డిగ్రీ పక్కకు జరిగితే, అక్కడ గురి 600 కిలోమీటర్లకు పైగా తప్పుతుంది!

ఎలా అమర్చుతారు?

1. ముందు దక్షిణం వైపు చెట్టు కొమ్మలు, గోడలు అడ్డం లేని చోటు చూస్తారు.

2. ఇనుప స్తంభాన్ని కాంక్రీటులో గట్టిగా పాతి, రసమట్టం పెట్టి రెండు వైపులా నిటారుగా ఉందో లేదో చూస్తారు. స్తంభం వంగితే తర్వాతి కొలతలన్నీ తప్పే.

3. వెనుక ఉన్న కొలబద్ద చూసి ఎత్తు కోణం పెడతారు. డిష్ అనుకున్నదానికన్నా నిటారుగా కనిపిస్తుంది. దాని తయారీయే అంత. కంటిని కాక కొలతను నమ్మాలి.

4. దిక్సూచితో దిక్కు చూస్తారు. ఇనుము దగ్గర దిక్సూచి తప్పు చూపుతుంది కనుక కొంచెం దూరంగా నిలబడి చూడాలి.

5. మీటరు చూస్తూ డిష్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతారు. సిగ్నల్ పెరిగి, మళ్లీ తగ్గడం మొదలవగానే వెనక్కి వచ్చి, ఎక్కువగా ఉన్నచోట ఆపుతారు. ఎత్తును కూడా అలాగే సరిచూస్తారు. నట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగిస్తారు. ఒకేదాన్ని బిగిస్తే గురి జరుగుతుంది.

6. టీవీ డిష్ తీసుకోవడమే చేస్తుంది. ఇది పంపుతుంది కూడా. గురి తప్పితే పక్క ఉపగ్రహాలకు ఇబ్బంది. కాబట్టి కంపెనీ ఇంజనీరు కేంద్రంతో మాట్లాడి, వారు సరే అన్నాకే పంపడం మొదలుపెడతారు. ఇది మనంతట మనం చేసుకునే పని కాదు.

7. చివరగా కేబుల్ అతుకుల్లోకి నీరు దిగకుండా టేపు చుట్టి, పిడుగుల నుండి రక్షణకు ఎర్త్ కలుపుతారు.

ఒక రాత్రి జరిగింది

ఒక వర్షాకాలం రాత్రి ఛాతీనొప్పితో ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. ఇ.సి.జి. తీశాం, పంపబోతే లైను లేదు. వానేమో ఆగి గంటయింది. టార్చిలైటుతో మేడెక్కి చూస్తే, ఎవరో రోగి బంధువులు డిష్ అంచుకు తాడు కట్టి తడి దుప్పట్లు ఆరేశారు! ఆ బరువుకు డిష్ ఒక పక్కకు లాగేసింది. మా అటెండరు ఇ.సి.జి. ఫొటో తీసుకుని, మోటారు సైకిలు మీద సిగ్నల్ దొరికే మలుపు దాకా వెళ్లి పంపాడు. దాదాపు నలభై నిమిషాలు పోయాయి. ఆయన బ్రతికారు. కానీ గుండెపోటులో ప్రతి నిమిషం గుండె కండరం విలువే. తాడు కట్టినవారిని మేం తప్పుపట్టలేదు. అదేమిటో వారికి చెప్పనిది మేమే.

మీరు చేయగల సాయం

• డిష్‌కు, స్తంభానికి తాళ్లు కట్టవద్దు. బట్టలకు వెనుక వరండాలో తీగలు కట్టించాం.

• పిల్లలను దాని ముందుకు వెళ్లనివ్వకండి. అది పనిచేస్తున్నప్పుడు ముందున్న కొమ్ము నుండి శక్తిగల తరంగాలు వెలువడతాయి.

• కొమ్మలు అడ్డొచ్చినా, డిష్ కదిలినట్టు కనిపించినా వెంటనే సిస్టర్‌కు చెప్పండి. మీరే సరిచేయబోకండి.

• కుండపోత వానలో లైను కాసేపు పోవచ్చు. వాన తగ్గగానే దానంతటదే వస్తుంది.

• డాక్టరుగారితో తెరమీద మాట్లాడేటప్పుడు ఆగి ఆగి మాట్లాడండి. మాట పైకి వెళ్లి దిగడానికి పావు సెకను, జవాబుకు మరో పావు సెకను పడుతుంది. ఆయన వినలేదని కాదు.

ఈసారి మేడెక్కినప్పుడు ఆ గొడుగును చూసి పక్కనుంచి నడవండి. ఆ క్షణంలో కింద వార్డులో ఎవరి ఇ.సి.జి. దాని మీదుగా వెళ్తోందో మనకు తెలియదు.