ముళ్లపొదలు బంజరు కావు

ఎడారులు, ముళ్లపొదల చిట్టడవులు పనికిరాని నేలలని మనము భావింతుము. ఇది ఎంత పొరపాటో కడప జిల్లా కలివికోడి తెలుపుచున్నది. 1900 తరువాత అంతరించినదని శాస్త్రజ్ఞులు తలచిన ఈ పక్షి, 1986లో లంకమల కొండల దాపున తిరిగి కనబడినది. ఇది పగలు పొదల నీడన దాగి, రాత్రి వాటి నడుమ గల బయలు నేలపై పురుగులను వెదకికొనును. పొదలు నరికినచో దానికి మరుగు లేదు; మిక్కిలి దట్టమైనచో తిరుగాడ చోటు లేదు. పొదకును పొదకును నడుమ మనకు వట్టిదిగా తోచు ఆ జాగాయే దానికి జీవనాధారము. దీని ఆవాసమును కాపాడుటకై తెలుగుగంగ కాలువ మార్గమునే మార్చవలసివచ్చినది. కనుక ఒక నేలను బంజరని వ్రాయుటకు ముందు, అందెవరు కాపురమున్నారో మనము విచారింపవలెను.