పావగడలో కారే కారు

పావగడలో పాత కారు కొనేవాళ్లు ఇంజిన్ చూస్తారు, టైర్లు చూస్తారు, ఏసీ గాలికి మొహం పెట్టి చూస్తారు. వాన నీళ్లు లోపలికి దిగుతాయా అని మాత్రం అడగరు. అడగాలంటే వాన గుర్తుకు రావాలి. దాదాపు చుట్టూ ఆంధ్ర, మధ్యలో కరువు అన్నట్టుండే ఈ కర్ణాటక తాలూకాలో పడే కాస్త వానలో పెద్ద పాలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడుతుంది. కారు లోపల కాళ్ల కింద తడి ఉందని అప్పుడు తెలుస్తుంది. తెలిసేలోగా వాన పోతుంది, మరుసటి ఏడు దాకా ఆ మాటా పోతుంది.

నిజానికి ఆ నీళ్లను ఆపాల్సిన తలుపులు, అద్దాల రబ్బరును పాడుచేసేది వాన కాదు, ఎండ. తిరుమణి పక్కన 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారంటే ఇక్కడి ఎండ ఎంత గట్టిదో వేరే చెప్పనక్కర్లేదు. అదే ఎండ, బయట నిలబెట్టిన కారు రబ్బరు బీడింగులను ఎండబెట్టి, గట్టిపరిచి, పగలగొడుతుంది. ఈ పనికి మీటరు లేదు కాబట్టి ఎవరూ లెక్క రాయరు.

ఇక అసలు విషయం. కారులోకి నీళ్లే రాకూడదని కంపెనీ వాళ్లు కూడా అనుకోరు. డోర్ అద్దం పక్కనుంచి నీళ్లు డోర్ లోపలికి దిగుతాయి, అడుగున ఉన్న కన్నాల గుండా బయటికి పోతాయి. వైపర్ల కింద ఉన్న తొట్టిలో పడ్డ నీళ్లకూ ఇరుపక్కలా దారులుంటాయి. అంటే నీళ్లు వచ్చే కన్నం కోసం వెతికే ముందు, నీళ్లు పోయే కన్నం మూసుకుపోయిందేమో చూడాలి. వేపచెట్టు కిందో కానుగచెట్టు కిందో బండి నిలిపేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆకులు, దుమ్ము కలిసి ఆ తొట్టిలో ముద్ద కడతాయి. మొదటి గట్టి వానకు నీళ్లు నిండి, బ్లోయర్ గాలి పోయే దారిలోంచి ముందు సీటు కాళ్ల దగ్గరికి దిగుతాయి. బానెట్ ఎత్తి ఆ ముద్ద తీసి, ఒక చెంబు నీళ్లు పోసి కిందికి పోతున్నాయో లేదో చూస్తే చాలు. ఈ పనికి బిల్లు రాయడం ఏ మెకానిక్‌కూ కుదరదు. మొదట ఎవరూ దీన్ని చెప్పకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

డోర్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది. కొత్త స్పీకర్లు పెట్టినవాళ్లో, పవర్ విండో బాగుచేసినవాళ్లో దాన్ని చించి, మళ్లీ అంటించకుండా వదిలేస్తారు. అప్పుడు డోర్ అడుగు కన్నానికి పోవలసిన నీళ్లు కార్పెట్ మీదికి వస్తాయి. పాట బాగానే వినిపిస్తుంది.

వానే లేని రోజుల్లో కొత్తగా తడి కనిపిస్తే అది వాన నీరు కాకపోవచ్చు. ఏసీ వేసినప్పుడే వచ్చి, వాసన లేకుండా తేటగా ఉంటే ఏసీ నీళ్ల గొట్టం మూసుకుపోయిందన్నమాట. జిగటగా, తీపి వాసనతో ఉంటే అది కూలెంట్. ఆ పని మెకానిక్‌కే వదలాలి.

వాన నీరే అని తేలితే పరీక్షకు ఇద్దరు కావాలి, ఒక పైపు కావాలి. ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి. రెండోవారు తలుపులన్నీ మూసి, సన్నటి ధారతో కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. ఒక్కోచోట కొన్ని నిమిషాలు ఆగాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు కిందున్న సందులన్నిటినీ తడుపుకుంటూ పోతాయి, ఏది దొంగో తేలదు. తడి కనిపించిన చోటే కన్నం ఉంటుందనుకోవద్దు. పైన, క్యారియర్ బోల్టు దగ్గర దూరిన చుక్క రేకు లోపలి అంచు పట్టుకుని పోయి ఎక్కడో వెనక దిగుతుంది. డిక్కీలో స్టెప్నీ గుంట నిండితే వెనక లైట్ల చుట్టూ ఉన్న రబ్బరును అనుమానించండి. తలుపు బీడింగు పట్టు తెలియాలంటే మధ్యలో ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా జారి వస్తే అక్కడ రబ్బరు చచ్చింది.

మారుతి 800, ఓమ్నీల ముందద్దం రబ్బరు బీడింగులో కూర్చుంటుంది. ఆ రబ్బరు మార్చుకోవచ్చు. తర్వాత వచ్చిన చాలా కార్లలో అద్దాన్ని పాలియురెథేన్ జిగురుతో అంటిస్తారు. అది ఊడితే అద్దం తీసి మళ్లీ అంటించాలి. పైపైన సిలికాన్ రుద్దడం పని కాదు, వాయిదా. అందులోనూ వెనిగర్ వాసన కొట్టే బాత్‌రూమ్ రకం సిలికాన్ రేకుకు తుప్పు తెస్తుంది.

కన్నం మూయగానే పని అయిపోదు. కార్పెట్ పైకి ఆరినట్టుండి, దాని కింది స్పాంజి నెలల తరబడి నీళ్లు పట్టుకుని ఉంటుంది. సీట్లు విప్పి, కార్పెట్ పూర్తిగా ఎత్తి, ఎండలో వేయాలి. ఎండకు ఇక్కడ కొరత లేదు. అది వదిలేస్తే ఫ్లోర్ తుప్పు పడుతుంది, కింద పోయే వైర్ల జాయింట్లు పచ్చబడతాయి. 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాల్సిన కారయితే, ఆర్టీఓ దగ్గరికి వెళ్లే ముందే ఫ్లోర్ ఒకసారి చూసుకోండి. తుప్పు ముదిరితే టింకరింగ్ ఖర్చు ముందు బీడింగు ధర లెక్కే కాదు. ఆగస్టులోనే ఒక ఆదివారం బానెట్ ఎత్తి ఆ చెంబు నీళ్లు పోసి చూడండి.