యుద్ధానికి ముందు కాగితం: హైదరాబాదు రాజ్యంలో అర్జీలు, కరపత్రాలు, దళితులు

కంబదూరులో అర్జీ అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కరలేదు. వాన రాని సంవత్సరం శెనిక్కాయ పంట పోయిందని ఒక అర్జీ, పట్టా ఇచ్చిన భూమి ఇంకా చూపించలేదని ఒక అర్జీ, శ్మశానానికి దారి లేదని ఇంకొక అర్జీ. తాతలు పెట్టినారు, తండ్రులు పెట్టినారు, బెంగుళూరుకు వలసపోయే ముందు కొడుకులూ పెడతా ఉన్నారు. మా చదువరుల బృందంలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నతో ఈ వ్యాసం మొదలయింది. "అర్జీకి, కరపత్రానికి తేడా ఏంది సార్? రెండిట్లోనూ రాసేది మన కష్టమే కదా?"

మంచి ప్రశ్న. రాసే కష్టం ఒకటే కావచ్చు గానీ ఆ కాగితం ముఖం ఎటు తిరిగి ఉందనేది వేరు. అర్జీ పైకి చూస్తుంది. "మహారాజశ్రీ" అని మొదలయి "తమ విధేయుడు" అని ముగుస్తుంది. కరపత్రం పక్కకు చూస్తుంది. అందులో 'తమరు' ఉండరు, 'మనం' ఉంటాం. అర్జీ పెట్టేవాడు ఏలినవారి న్యాయం మీద ఇంకా నమ్మకం ఉన్నవాడు, లేకపోతే నమ్మకం ఉన్నట్టు నటించక తప్పనివాడు. అర్జీలో ఉన్న మాటే అచ్చయి బజారులో పడిన రోజు ఏలినవారికి చెమటలు పడతాయి. చరిత్రలో చాలా అంతర్యుద్ధాలకు ముందు జరిగింది ఇదే.

దీనికి ఇంగ్లండు మంచి ఉదాహరణ. 1640 డిసెంబరులో లండను జనం 15,000 సంతకాలతో బిషప్పుల వ్యవస్థను వేళ్ళతో సహా పెరికెయ్యాలని పార్లమెంటుకు అర్జీ పెట్టినారు. 1641లో రాజుగారి స్టార్ చాంబర్ కోర్టు రద్దయింది, దాంతో అచ్చు మీద ఉన్న కట్టడి సడలింది. పుస్తకాల వ్యాపారి జార్జి థామసన్ అనే ఆయన 1640 నుంచి 1661 దాకా వచ్చిన చిన్న పుస్తకాలు, పత్రికలు సుమారు 22,000 పోగు చేసి దాచినాడు. రాజు మీద ఫిర్యాదులన్నీ గుదిగుచ్చి 1641 నవంబరులో పార్లమెంటు ఒక మహా విన్నపం తయారు చేసింది. దాన్ని అచ్చువేసి జనానికి పంచాలన్నప్పుడు ఎడ్వర్డ్ డెరింగ్ అనే సభ్యుడు తట్టుకోలేకపోయినాడు. విన్నపం అంటే పైకి రాజుకు చెప్పుకునేదే గానీ కిందికి జనానికి చెప్పేదేంటని ఆయన బాధ. 1642 మొదట్లో ఆడవాళ్ళు అర్జీ పెట్టినారు, మూటలు మోసే కూలీలు అర్జీ పెట్టినారు. ఆ ఆగస్టులో రాజు యుద్ధానికి జెండా ఎత్తినాడు. మూటలు మోసే కూలీల అర్జీని పెద్ద చరిత్ర పుస్తకాలు ఒక వాక్యంలో దాటేస్తాయి. మాకు మాత్రం అక్కడే ఆగాలనిపించింది.

మన దగ్గర ఇలాంటి కాలం ఏదంటే 1940 నుంచి 1948 దాకా నడిచిన హైదరాబాదు రాజ్యం. అనంతపురం జిల్లా 1800 దాకా నిజాందే. ఆ సంవత్సరం కుంఫిణీకి ధారపోయడంతో మనం దత్తమండలమయినాం. ఏరు దాటితే ఉండే ఆ రాజ్యంలో జరిగిన దానిని ఒకరు సాయుధ పోరాటం అంటారు, ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు, సర్కారు 'పోలీసు చర్య' అంది. ఒకే రాజ్యంలో ప్రజలు పక్షాలుగా చీలి ఒకరినొకరు చంపుకున్నారు కాబట్టి మేము అంతర్యుద్ధం అనే అంటాం. ఏ పేరు పెట్టినా ఆ చరిత్రలో దళితుడు జెండా మోసేవాడుగా కనపడతాడు గానీ, కాగితం రాసినవాడుగా కనపడడు. నిజంగా రాయలేదా?

ముందు ఆ రాజ్యంలో కాగితం ఎట్లా నడిచేదో చూడాలి. 1941 లెక్కల్లో కోటీ అరవై మూడు లక్షల జనం. అందులో సగానికి దగ్గరగా తెలుగువాళ్ళు. కచేరీ భాష మాత్రం ఉర్దూ. సభ పెట్టుకోవాలంటే ముందు అనుమతి తీసుకోవాలని 'గస్తీ నిషాన్ 53' అనే ఉత్తర్వు ఉండేది. ఊర్లో రాతకోతలన్నీ పట్వారీ చేతిలో. పట్వారీ మీదే ఫిర్యాదు చేయాలంటే ఆ అర్జీ ఎవరు రాయాలి?

ఇంకొక మాట. వెట్టిచాకిరి అనగానే మనకు దొర ఇంట్లో పని, పొలం పని గుర్తొస్తాయి. అందులో ఒక ముఖ్యమైన భాగం తప్పాలు మోయడం. సర్కారు కాగితాన్ని, దొర చీటీని ఒక ఊరి నుంచి ఇంకొక ఊరికి, తాలూకా కచేరీకి చేర్చే పని మాల మాదిగ ఇండ్ల మీద వంతులుగా పడేది. కూలి లేదు. ఎండనక, రాత్రనక నడవాల. అంటే ఆ రాజ్యంలో పాలన అనే కాగితం మొత్తం దళితుల కాళ్ళ మీద నడిచింది. మోస్తా ఉన్న కాగితంలో తన మీదే వేసిన జరిమానా ఉన్నా మోసేవానికి తెలిసే దారి లేదు. కొత్త హుకుం వస్తే డప్పు కొట్టి ఊరికి చాటేదీ వాళ్ళే. రాతను మోసినవాళ్ళు, రాతను చాటినవాళ్ళు రాతకు దూరంగా ఉండిపోయినారు. అక్షరం అనేది ఆస్తి అని మనం అనేది ఇందుకే.

అయినా రాసినారు. మాదరి భాగయ్యగా పుట్టి భాగ్యరెడ్డివర్మ అయిన ఆయన (1888–1939) 1906లోనే హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టినారు. 1917 నవంబరులో బెజవాడలో జరగాల్సిన పంచమ మహాసభకు ఆయన అధ్యక్షుడు. మేము పంచములం కాము, ఈ నేల మొదటి మనుషులం అని వాదించి సభ పేరునే ఆది ఆంధ్ర మహాసభగా మార్పించినారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే పేర్లు ఒప్పుకుంది. 1931 జనాభా లెక్కల్లో తమను ఆది హిందువులుగా రాయాలని నిజాం సర్కారును ఒప్పించినారు. పేరు మార్చమని అడిగే అర్జీ చూడటానికి చిన్నదే. భూమి అడగలేదు, కూలి అడగలేదు. కానీ ఎదుటివాడు పిలిచే పేరుతో కాకుండా తన పేరుతో సంతకం చేస్తానన్నవాడు అర్జీదారుగా ఉండిపోడు. అదే సంవత్సరం ఆయన 'భాగ్యనగర్' పత్రిక పెట్టడం కాకతాళీయం కాదని మా అభిప్రాయం.

(అర్జీ అనగానే మాకు 1941లో వచ్చిన జాషువా 'గబ్బిలం' గుర్తొస్తుంది. తంజావూరు అరుంధతీసుతుడు తన బాధను కాశీ విశ్వనాథునికి చెప్పమని గబ్బిలంతో పంపుతాడు. గుడిలోకి మనిషిని రానివ్వరు గానీ గబ్బిలాన్ని ఆపరు. కచేరీ లేని అర్జీ అది.)

భాగ్యరెడ్డివర్మ తరువాతి తరం మూడు దారులుగా చీలింది. బి.ఎస్. వెంకటరావును 'హైదరాబాదు అంబేద్కర్' అనేవాళ్ళు. 1936లో బొంబాయిలో మతమార్పిడి గురించి జరిగిన మహార్ మహాసభకు ఆయనే అధ్యక్షుడు. ఆయన, బి. శ్యాంసుందర్ డిప్రెస్డ్ క్లాసెస్ అసోసియేషన్‌ను నడిపినారు. జె.హెచ్. సుబ్బయ్య షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌ను నడిపినారు. 1944 సెప్టెంబరులో అంబేద్కర్ హైదరాబాదు వచ్చి మాట్లాడింది ఫెడరేషన్ వాళ్ళ సభలోనే. ఇంకా కొందరు కాంగ్రెసుతో పోయినారు. వీళ్ళు ఒకరి మీద ఒకరు అచ్చువేసుకున్న కాగితాలూ తక్కువేమీ కాదు. ఆ ఉద్యమంలోనే పనిచేసిన పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో రాసిన 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఇమాన్సిపేషన్' రెండు సంపుటాలు చదివితే ఆ తగాదాలన్నీ దాపరికం లేకుండా కనిపిస్తాయి. మన నాయకుల గొడవలు బయటపెట్టినాడని కొందరికి ఆ పుస్తకం నచ్చకపోవచ్చు. మాకు మాత్రం ఆ నిజాయితీ వల్లే నచ్చింది.

పట్నంలో అర్జీలు ఇట్లా నడుస్తా ఉంటే పల్లెల్లో ఏం జరిగింది? జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ మీద కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ తన భూమి కోసం కోర్టుకు పోయినాడు. ఏండ్ల తరబడి తిరిగినాడు, గెలిచినాడు. 1940లో ఆయన్ని దారి కాసి చంపినారు. చట్టం ప్రకారం, కాగితం ప్రకారం గెలిచిన మనిషిని చంపిన రోజు ఆ ప్రాంతంలో అర్జీ అనేదానికి విలువ పోయింది. 'మా భూమి' నాటకానికి మూలం ఈ బందగీ కథే. పేదవాళ్ళ వెనక నిలబడిన ఆంధ్రమహాసభ 1944 భువనగిరి సభలో చీలి, రావి నారాయణరెడ్డి వర్గం చేతికి వచ్చింది. సభ్యత్వానికి చిన్న చీటీ ఇచ్చేవాళ్ళు. అందుకే జనం దాన్ని 'చీటీల సంఘం' అన్నారు. చదువు రాని చాకలి ఐలమ్మ, గొర్రెలు కాసే కులంలో పుట్టిన దొడ్డి కొమరయ్య ఆ చీటీని నమ్మినారు. తప్పాలుగా ఎన్నో కాగితాలు మోసిన జనానికి తమ పేరు మీద వచ్చిన మొదటి కాగితం అది. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తూటాకు కొమరయ్య చనిపోయినాడు.

అంతకుముందు కూడా వెట్టి మీద చిన్న పుస్తకాలు రాలేదని కాదు. ఆంధ్రజనసంఘం తరఫున మాడపాటి హనుమంతరావు రాసి పంచినవి ఉన్నాయి. అయితే అవి వెట్టి చేసేవాని గురించి రాసినవే గానీ వెట్టి చేసేవాడు రాసినవి కావు. ఆ తరువాత సరిహద్దుకు అవతల బెజవాడలో ప్రజాశక్తి ఉండడం కమ్యూనిస్టులకు బలమయింది. చదవలేనివాళ్ళకు బుర్రకథే కరపత్రం. కచేరీ హుకుం చాటిన డప్పే సంఘం పాటకూ మోగింది.

1947 ఆగస్టు తరువాత రాజ్యం ముక్కలుగా చీలిపోయింది. సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చినారు. ఇంకొకపక్క ఖాసిం రజ్వీ రజాకార్లు. దళితుని ముందు ఇప్పుడు అన్నీ కాగితాలే. సంఘం చీటీ, ఇత్తెహాద్ పిలుపు, కాంగ్రెసు కరపత్రం. నవంబరు 27న అంబేద్కర్ ఢిల్లీ నుంచి ఒక ప్రకటన ఇచ్చినారు. హైదరాబాదు షెడ్యూల్డ్ కులాలవాళ్ళు ఎట్టి పరిస్థితుల్లోనూ నిజాం పక్షాన, ఇత్తెహాద్ పక్షాన నిలబడొద్దని దాని సారం. రెండు రోజులకు భారత ప్రభుత్వమే నిజాంతో యథాతథ ఒప్పందం చేసుకుంది. ఆ తరువాత ఏర్పడిన లాయక్ అలీ మంత్రివర్గంలో వెంకటరావు మంత్రిగా ఉన్నారు.

వెంకటరావును, శ్యాంసుందర్‌ను ద్రోహులనడం తేలిక. అగ్రకుల చరిత్రకారులు అదే చేసినారు. మేము వాళ్ళ నిర్ణయం సరయినదని అనడం లేదు. పల్లెల్లో రజాకార్లు కొల్లగొట్టిన ఇండ్లలో దళితుల ఇండ్లూ ఉన్నాయి, అంబేద్కర్ మాటే ముందుచూపుతో కూడినది. కానీ ఒకటి ఆలోచించాలి. విసునూరు దొర హిందువే. తప్పాలు మోయించిన పట్వారీ హిందువే. అణగారిన కులాల చదువుకు కోటి రూపాయల నిధి కేటాయించింది మాత్రం నిజాం సర్కారు. ఆ నిధి కావాలన్నవాళ్ళను తప్పు పట్టే ముందు, దానికి బదులుగా అప్పటి రాష్ట్ర కాంగ్రెసు దళితునికి ఏ కాగితం మీద ఏం రాసిచ్చిందని అడగాలి.

1948 ఆగస్టులో జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడాలి. ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్లను రద్దు చేయమని, భారతదేశంలో చేరమని నిజాంకు విన్నపం రాసినారు. దాన్ని 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ పత్రికలో అచ్చువేసినాడు. పైకి పోయిన అర్జీని పక్కకు తిప్పి జనానికి చూపించినాడు. ఆగస్టు 21 రాత్రి ఆయన్ని కాల్చి, చెయ్యి నరికినారు. రాసినవాళ్ళ కంటే అచ్చువేసినవాని మీద పడింది కత్తి. ఎడ్వర్డ్ డెరింగ్ భయపడింది దేనికో ఇక్కడ తెలుస్తుంది.

అదే ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పంపింది. రాజు కూడా అర్జీదారు అయినాడు! మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వంలో పారిస్‌కు పోయిన ప్రతినిధుల్లో శ్యాంసుందర్ ఒకరు. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 16న మండలి ఆ ఫిర్యాదును చర్చకు తీసుకుంది. 17న హైదరాబాదు లొంగిపోయింది. 22న నిజాం తన అర్జీని వెనక్కి తీసుకున్నాడు. అంటరాని కులంలో పుట్టిన మనిషి ప్రపంచ సభ గడప దాకా పోయినా, అక్కడికి మోసుకుపోయింది రాజు కాగితమే గానీ తన వాడ కాగితం కాదు. తప్పాలు మోయడం గురించి పైన రాసింది ఇక్కడ మళ్ళీ గుర్తుకు వచ్చి మాకు కష్టమనిపించింది. ఆ మాట శ్యాంసుందర్‌ను తక్కువ చేయడానికి అనడం లేదు. ఇరవై ఏండ్లకు, 1968లో, గుల్బర్గాలో భీమసేనను పెట్టింది ఆయనే.

సైన్యం వచ్చిన తరువాత మరాఠ్వాడా, బీదర్, గుల్బర్గా వైపు ముస్లింల మీద జరిగిన హత్యాకాండ గురించి సుందర్‌లాల్ కమిటీ నివేదిక ఇచ్చింది. తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయినారని దాని అంచనా. ఆ కాగితాన్ని 2013 దాకా జనానికి చూపించలేదు. తెలంగాణలో మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచినామని కమ్యూనిస్టు పార్టీ లెక్క. సైన్యం వెనకే దొరలు తిరిగొచ్చి అందులో చాలా భూమి లాక్కున్నారు. సంఘం పంచిన భూమికి పట్టా కాగితం లేదు కదా.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'లో పోరాట స్త్రీల మాటలు నోటితో చెప్పించి రాసింది. తప్పాలు మోసిన మగవాళ్ళ, డప్పుతో చాటినవాళ్ళ మాటలు అట్లా రాయాలంటే ఇప్పుడు చాలావరకు మనవళ్ళ దగ్గరికే పోవాలి. మా బృందం కంబదూరు, కళ్యాణదుర్గం పల్లెల్లో పాత అర్జీల నకళ్ళు, పట్టా కాగితాలు, సంఘాల కరపత్రాలు సేకరించడం మొదలుపెట్టింది. మీ ఊర్లో ట్రంకుపెట్టెలో అట్లాంటి కాగితం ఉంటే పారేయొద్దు. ఉర్దూలో ఉంటే చదవగలిగినవాళ్ళ చేత చదివించండి. నకలు రాసేటప్పుడు వేలిముద్ర ఎక్కడ ఉందో, దాని పక్కన పేరు ఎవరు రాసినారో కూడా తప్పకుండా రాసుకోండి.