ఇంటి పెద్దల మౌనం వెనుక

రాత్రి దస్తర్‌ఖాన్ చుట్టూ కుటుంబమంతా కూర్చుంటుంది. మనవడు ఏదో చెబితే అందరూ నవ్వుతారు. దాదాజాన్ కూడా నవ్వుతారు. అయితే ఒక క్షణం ఆలస్యంగా, మన ముఖాలు చూసిన తర్వాత. సలీమ్ వచ్చాడంటే కలీమ్ అనుకుంటారు. జుమా నుంచి తిరిగివచ్చి, ‘ఈ మధ్య మస్జిద్‌లో మైకు సరిగా ఉండటం లేదు’ అంటారు. వయసు మీదపడింది కదా అని మనం సరిపెట్టుకుంటాం. ఒక్కోసారి విసుక్కుంటాం కూడా. ఆయనకు వినికిడి తగ్గుతోందన్న ఆలోచన మాత్రం మనకు రాదు, ఆయనకూ రాదు.

వయసుతో వచ్చే వినికిడి లోపం ఇలా చడీచప్పుడు లేకుండా ప్రవేశిస్తుంది. ఎదుటివారే గొణుగుతున్నారని ఆ వ్యక్తికి అనిపిస్తుంది. అందుచేత దీన్ని ముందుగా గుర్తించవలసిన బాధ్యత ఇంటివారిదే. ప్రపంచంలో 150 కోట్లకు పైగా ప్రజలకు ఏదో ఒక స్థాయిలో వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెల్లడించింది. కనుక ఇది ఏ ఒక్క ఇంటి సమస్యా కాదు.

వినబడుతుంది, అర్థం కాదు

లోపలి చెవిలో నత్తగుల్లను పోలిన కాక్లియాలో సుమారు 15 వేల సూక్ష్మ రోమకణాలుంటాయి. శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చి మెదడుకు పంపేవి ఇవే. నశిస్తే ఇవి మళ్లీ పుట్టవు. సాధారణంగా సన్నని ధ్వనులను గ్రహించే కణాలు ముందుగా దెబ్బతింటాయి. అప్పుడు ‘ఆ’, ‘ఓ’ వంటి అచ్చులు వినిపిస్తాయి కానీ ‘స’, ‘ష’, ‘ఫ’ వంటి హల్లులు జారిపోతాయి. మాట చెవిన పడుతుంది, ఏ మాటో తెలియదు. స్త్రీల, పిల్లల గొంతులు మరింత కష్టమవుతాయి.

ఇలా నలుగురిలో ఇబ్బందిపడే మనిషి క్రమంగా నలుగురికీ దూరమవుతాడు. మౌనం కుంగుబాటుకు దారితీయవచ్చు. మతిమరుపు వ్యాధికి కారణమయ్యే, మనం సరిదిద్దుకోగల అంశాల్లో వినికిడి లోపం ముఖ్యమైనదని 2020లో లాన్సెట్ కమిషన్ పేర్కొంది.

ప్రతి లోపమూ శాశ్వతం కాదు. గులిమి పేరుకోవడం, మధ్య చెవిలో ఇన్ఫెక్షన్, కర్ణభేరికి రంధ్రం వంటివి చికిత్సతో నయమయ్యే అవకాశం ఉంది. కనుక ముందుగా చెవి వైద్యుని వద్ద ఆడియోమెట్రీ పరీక్ష చేయించాలి. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే మాత్రం అదేరోజు వైద్యుణ్ణి కలవాలి. ఆలస్యం చేస్తే వినికిడి తిరిగి రాకపోవచ్చు.

కాపాడుకునే మార్గాలు

పిన్నీసు, అగ్గిపుల్ల, దూది పుల్లలతో చెవిని కెలకరాదు. నూనె కాచి పోయరాదు. పిల్లల చెవి నుంచి చీము కారుతుంటే ‘అదే తగ్గుతుంది’ అని ఊరుకోరాదు. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు పనిచేయడమే చెవికి హాని. శబ్దం మరో 3 డెసిబెల్స్ పెరిగితే సురక్షిత సమయం సగానికి తగ్గిపోతుంది. పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టెల పక్కన పసిపిల్లలను ఎత్తుకుని నిలబడేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజెక్షన్లు చెవికి హాని చేయగలవు. వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి.

శిశువుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వినని బిడ్డకు మాట రాదు. నెలలోపు పరీక్ష, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా చికిత్స ఆరంభం కావాలని నిపుణులు చెబుతారు. ఈ పరీక్షకు నొప్పి ఉండదు. బిడ్డ నిద్రపోతుండగానే చేస్తారు. దగ్గరి బంధువుల మధ్య వివాహాల్లో పుట్టే పిల్లలకు పుట్టు చెవుడు వచ్చే అవకాశం ఎక్కువ. మేనరికాలు ఉన్న కుటుంబాలు ఈ సంగతిని దాచుకోక, పరీక్ష తప్పక చేయించాలి.

యంత్రం, దానితోపాటు మనం

వినికిడి యంత్రం కళ్లజోడు వంటిదే. అందులో నామోషీ ఏమీ లేదు. అయితే పెట్టుకున్న రోజే అంతా చక్కబడదు. మెదడు మరచిన శబ్దాలకు మళ్లీ అలవాటుపడటానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట నిశ్శబ్దమైన గదిలో రోజుకు కొన్ని గంటలు, తర్వాత జనంలో వాడాలి. ‘గోల భరించలేను’ అని పెట్టెలో పడేయనీయక, ఆడియాలజిస్టు వద్దకు తీసుకువెళ్లి సరిచేయించాలి. అర్హులైన పేదలకు కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం కింద యంత్రాలు అందుతాయి.

మిగిలినది మన చేతిలో ఉంది. వంటింటి నుంచి కేకలేయక, ఎదురుగా వచ్చి, ముఖం కనబడే వెలుతురులో మాట్లాడాలి. అరిస్తే మాట స్పష్టత చెడుతుంది. నిదానంగా చెబితే చాలు. అర్థం కాకపోతే అదే మాటను వేరే పదాలతో చెప్పాలి. టీవీ ఆపాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ‘ఏం లేదులే, వదిలేయండి’ అనకూడదు. తల్లిదండ్రుల మీద విసుగు చూపరాదని చిన్ననాటి నుంచీ వింటున్నవాళ్లం. ఆ ఒక్క మాటలోనే ఎంత విసుగుందో వినలేనివారికే ఎక్కువగా తెలుస్తుంది.

ఈ రాత్రి దాదాజాన్ ఆలస్యంగా నవ్వితే, మనవణ్ణి ఆయనకు ఎదురుగా కూర్చోబెడదాం. ఆ మాట మళ్లీ చెప్పిద్దాం. రేపు ఆయన్ను పరీక్షకు తీసుకువెళదాం.