పెట్ట కింద పిల్లలు: ఊరకోళ్ల పొదుగు, పెంపకం

గుడ్లు పెట్టడం ఆపేసి, గూట్లోంచి కదలకుండా, చెయ్యి చాపితే ఈకలు ఉబ్బించి గుర్రుమంటూ పొడవబోయే పెట్టను పొదుగుకొచ్చిన పెట్ట అంటారు. ఊరకోడి ఒక విడతలో పది నుంచి పదిహేను గుడ్లు పెట్టాక ఇలా మారుతుంది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోను ఎక్కువగా రావడం ఇందుకు కారణం. అది పెరిగితే అండాశయం కుంచించుకుపోయి గుడ్లు ఆగిపోతాయి. పొట్ట కింద ఈకలు రాలి చర్మం బయటపడుతుంది, ఒంటి వేడి నేరుగా గుడ్లకు తగులుతుంది.

సిద్దిపేట జిల్లా చిన్నకోడూరు మండలం వంటి చోట్ల ఇంటి వెనక పెంచే కోళ్లకు మేత కొనాల్సింది తక్కువ. కల్లంలో రాలిన వడ్లు, నూకలు, తౌడు, మక్కలు, పెంటకుప్ప మీది పురుగులు చాలావరకు సరిపోతాయి. పిల్లల్ని పొదిగి పెంచే పని కూడా పెట్టే చేసుకుంటుంది. మంచి గుడ్లు, పొడి గూడు, కాపలా, టీకాలు మాత్రం మనిషి చూసుకోవాలి. పిల్లలు దక్కేదీ దక్కనిదీ ఎక్కువగా ఈ నాలుగింటి మీదే ఆధారపడి ఉంటుంది.

గుడ్ల ఎంపిక

పుంజు కలిసిన పెట్టల గుడ్లే పిల్లలవుతాయి. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. మరీ చిన్నవి, మరీ పెద్దవి, పెంకు పలచనివి, పగుళ్లున్నవి పక్కన పెట్టాలి. గుడ్లను కడగకూడదు. పెంకు మీద కంటికి కనిపించని పొర ఒకటి ఉంటుంది, అది పోతే సూక్ష్మక్రిములు లోపలికి చేరతాయి.

పొదగెయ్యడానికి వారం లోపు గుడ్లు తీసుకోవాలి, ఎండాకాలంలో అయితే మూడు, నాలుగు రోజుల లోపువే మేలు. గది వేడి ఇరవై నాలుగు డిగ్రీలు దాటితే గుడ్డులోని పిండం పొదగకముందే మెల్లగా పెరగడం మొదలుపెట్టి, బలహీనపడి చనిపోతుంది. మే నెలలో సిద్దిపేట ప్రాంతంలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి అప్పుడు పొదగేసిన గుడ్లలో ఎక్కువ మురిగిపోతాయి. తడి ఇసుక మీద పెట్టిన మట్టికుండలో, లావు వైపు పైకి ఉండేలా గుడ్లను దాచితే కొంత చల్లగా ఉంటాయి. చలికాలం పొదుగే అన్నిటికన్నా అనువైనది.

ఊరకోడి చిన్నది కాబట్టి పది, పన్నెండు గుడ్లకు మించి పెట్టకూడదు. ఎక్కువైతే అంచున ఉన్నవి చల్లబడతాయి. పెట్ట వాటిని లోపలికి లాక్కుంటే మరికొన్ని అంచుకు చేరి, చివరికి అన్నీ దెబ్బతింటాయి.

గూడు, ఇరవై ఒక్క రోజులు

గంపలో గానీ తట్టలో గానీ అడుగున రెండు, మూడు అంగుళాల ఇసుక లేదా బూడిద పోసి, పైన వరిగడ్డి పరిచి మధ్యలో కొంచెం గుంట చేస్తారు. పేలు, గోమార్లు పట్టకుండా వేపాకు వేస్తారు. ఉరుములకు గుడ్లు చెడిపోతాయని కొందరు ఇనుప ముక్క, బొగ్గు, ఎండు మిరపకాయ కూడా ఉంచుతారు. నిజానికి వానాకాలంలో గుడ్లు చెడేది గూడు తడవడం వల్ల, పెట్ట బెదిరి లేచిపోవడం వల్ల. అందుకే గంపను మసక వెలుతురు ఉండే మూలన, కుక్కలూ పిల్లులూ రాని చోట పెట్టాలి. పెట్టను చీకటి పడ్డాక కొత్త గూట్లోకి మారిస్తే అలజడి పడకుండా కుదురుకుంటుంది.

ఒకే గూట్లో ఇంకో పెట్ట వచ్చి గుడ్డు పెట్టి పోవడం మామూలే. పొదగేసిన రోజే గుడ్ల మీద పెన్సిల్‌తోనో బొగ్గుతోనో గుర్తు పెట్టాలి. గుర్తు లేని గుడ్డును ఏ రోజుకారోజు తీసెయ్యకపోతే పిల్లలు వేర్వేరు రోజుల్లో లేస్తాయి, పెట్ట మాత్రం మొదటి పిల్లలతో గూడు వదిలి వెళ్లిపోతుంది.

పొదిగే పెట్ట రోజుకు ఒకసారి పావుగంట, ఇరవై నిమిషాలు లేస్తుంది. గింజలు తిని, నీళ్లు తాగి, బూడిదలో పొర్లి తిరిగొస్తుంది. గూటి పక్కనే మక్కలు, నీళ్లు పెట్టాలి. గుడ్లను రోజుకు ఎన్నోసార్లు ముక్కుతో తిప్పుతుంది. తిప్పకపోతే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుపోతుంది. పెట్ట కింద గుడ్డు వేడి ముప్పై ఏడున్నర డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది, ఇంక్యుబేటర్లలో పెట్టేదీ అంతే వేడి.

ఏడో రోజు రాత్రి ఫోను టార్చి మీద గుడ్డు పెట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది. పిండం పెరుగుతున్న గుడ్డులో నల్లని చుక్క, దాని చుట్టూ ఎర్రటి నరాలు సాలెపురుగు కాళ్లలా కనిపిస్తాయి. ఏమీ లేకుండా తేటగా ఉంటే పుంజు కలవనిది, తీసెయ్యాలి. కుళ్లిన గుడ్డు పగిలితే మిగతా వాటికీ కీడు.

ఇరవయ్యో రోజుకు పిల్ల లావు వైపున్న గాలి గదిలోకి ముక్కు పెట్టి ఊపిరి తీయడం మొదలెడుతుంది. పెంకు లోంచే కీచుమంటుంది, పెట్ట బయటి నుంచి బదులిస్తుంది. ముక్కు కొసన ఉండే గట్టి పొక్కుతో పెంకును ముందు ఒకచోట పొడిచి, తర్వాత చుట్టూ తిరుగుతూ కోసి బయటపడుతుంది. ఇందుకు అరరోజు నుంచి ఒక రోజు పడుతుంది. ఆలస్యమవుతోందని పెంకు ఒలిస్తే నెత్తురు కారి పిల్ల చచ్చిపోవచ్చు. ఇరవై రెండో రోజు దాటినా కదలిక లేని గుడ్లను తీసి పారేయొచ్చు.

పిల్లల సంరక్షణ

పుట్టిన పిల్లకు పొట్టలో సొన ఇంకా కొంత మిగిలి ఉంటుంది. రెండు, మూడు రోజులు తిండి లేకపోయినా అది కాపాడుతుంది, ఆలస్యంగా లేచే పిల్లల కోసం పెట్ట కూర్చుండగలిగేది అందుకే. ఎండిన పిల్లలకు ముందు నీళ్లు, తర్వాత సన్నటి నూకలు, మక్క రవ్వ ఇవ్వాలి. వెడల్పు గిన్నెలో నీళ్లు పెడితే పిల్లలు మునిగి చస్తాయి, లోతు తక్కువ మూకుడులో గులకరాళ్లు వేసి పెట్టాలి. పిల్లలకు చెదలు మంచి మాంసకృత్తుల మేత. పేడ, గడ్డి నింపి తడిపిన కుండను చెదలున్న చోట బోర్లిస్తే ఒకటి, రెండు రోజుల్లో పడతాయి. మూత గంపను కింద కొద్దిగా ఎత్తి ఉంచి, దాని లోపల మేత పోస్తే పిల్లలు దూరి తింటాయి, పెద్ద కోళ్లు తినలేవు.

పెట్ట మేత దొరికితే "టుక్ టుక్"మంటూ గింజను పడేసి తీసుకుంటూ పిల్లల్ని పిలుస్తుంది. గద్ద నీడ పడితే కూత మారిపోతుంది, పిల్లలు దొరికిన చాటుకు ఉరుకుతాయి. అయినా గద్దకు, కాకికి, ముంగిసకు, పిల్లికి పిల్లలు బలవడం మొదటి మూడు, నాలుగు వారాల్లోనే ఎక్కువ. అప్పటివరకు పెట్టతో సహా గంప కింద మూసిపెట్టి, మనుషులున్నప్పుడు మాత్రమే విడిచిపెట్టాలి.

రోగాల్లో కొక్కెర తెగులు అన్నిటికన్నా ప్రమాదకరం, ఊరంతటి కోళ్లనూ ఊడ్చేస్తుంది. వారం లోపు పిల్లకు కంట్లో ఒక చుక్క లసోటా టీకా, నాలుగో వారంలో మళ్లీ, ఎనిమిదో వారంలో ఆర్‌టుబి ఇంజెక్షను ఇవ్వాలి. ఆరో వారంలో మశూచి టీకా రెక్కకు వేస్తారు. టీకాను మంచులో తేవాలి, ఎండ తగలనివ్వకూడదు. ఊళ్లో అందరి కోళ్లకు ఒకే రోజు వేయిస్తే ఫలితం ఎక్కువ. గూడు తడిసి ఉంటే రక్త పారుడు వస్తుంది, ఊక మార్చి పొడిగా ఉంచడమే దానికి మొదటి మందు.

లాభనష్టాల లెక్క

పొదగడానికి మూడు వారాలు, పిల్లల్ని తిప్పడానికి రెండు నెలల పైగా పెట్ట గుడ్లు పెట్టదు. అందువల్ల ఊరకోడి ఏడాదికి ఇచ్చేది యాభై, అరవై గుడ్లే. పిల్లలకు ఈకలు బాగా వచ్చి తల్లి వేడి అక్కర్లేని ఆరో వారం నాటికి విడదీస్తే పెట్ట తొందరగా మళ్లీ గుడ్లకు వస్తుంది.

ఎక్కువ గుడ్ల కోసం తరాల పాటు ఎంపిక చేసిన వైట్ లెగ్‌హార్న్ లాంటి జాతుల్లో పొదిగే గుణం దాదాపు పోయింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ పెరటి పెంపకానికి అనువైనవే అయినా సరిగ్గా పొదగవు. పైగా అవి సంకరాలు, వాటి గుడ్లను ఊరకోడి కింద పొదగేసినా తల్లిదండ్రుల గుణాలు పిల్లలకు అలాగే రావు. ఇలాంటి పిల్లల్ని ఒక రోజు వయసులో తెచ్చుకున్నవాళ్లకూ ఊరకోడే దిక్కు కాగలదు. కనీసం రెండు వారాలుగా పొదుగు మీద ఉన్న పెట్ట కిందికి రాత్రిపూట, గుడ్లు తీసేసి ఒక్కొక్కటే దూర్చితే తెల్లారేసరికి తన పిల్లలనే అనుకుంటుంది. తల్లి లేకుంటే బల్బు కింద మొదటి వారం ముప్పై ఐదు డిగ్రీల వేడి ఇచ్చి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. కరెంటు పోయిన రాత్రి పిల్లలన్నీ ముద్దగా ఒకదాని మీద ఒకటి పడి చచ్చే ప్రమాదం అందులో ఉంది, పెట్ట రెక్కల కింద అది లేదు.