పేరు కాదు, ఊరు అడగండి

కొత్త మనిషి గుమ్మం ఎక్కితే మన పెద్దలు పేరొక్కటే విని తృప్తిపడరు. "ఏ ఊరు బాబూ? ఎవరి తాలూకు?" అని అడుగుతారు. తరాల తరబడి ఒడిశాలో కాపురమున్నా బరంపురం తెలుగువాళ్ళకు ఈ అలవాటు పోలేదు. కంప్యూటరు దగ్గర కూడా ఇది అవసరమేనని నాకు ఈమధ్యనే తెలిసివచ్చింది. నేను ఆఫీసు గుమాస్తాను, యంత్రవిద్య చదివినవాణ్ణి కాను. అయినా నా అనుభవం మరొకరికి పనికివస్తుందని వ్రాస్తున్నాను.

ఒకనాటి రాత్రి సంఘం చందాల పట్టీ టైపు చేసి, భద్రపరచకుండానే భోజనానికి లేచాను. తిరిగి వచ్చేసరికి కంప్యూటరులో ఫ్యాను హోరుమంటున్నది. "ఎవరూ ముట్టుకోకుండా ఇదెందుకండీ ఇంత ఆయాసపడుతోంది?" అన్నది మా ఆవిడ.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకొంటుంది. ఆ క్షణాన యంత్రంలో నడుస్తున్న ప్రోగ్రాముల హాజరుపట్టీ అది. చూద్దును గదా, నూటికి పైగా పేర్లు! నేనెరిగినది ఒక్కటీ లేదు. వాటిలో "విండోస్ స్టార్టప్ అప్లికేషన్" అని ఒకటి కనబడింది. యంత్రం మొదలై గంటలైంది గదా, ఇంకా ఇదెందుకనుకొని "ఎండ్ టాస్క్" నొక్కాను. విండోస్ ఆగిపోతుందని హెచ్చరిక వచ్చినా వినలేదు. తెర నీలమయింది. చందాల పట్టీ గంగపాలయింది.

మర్నాడు నిదానించి, సీపీయూ అనే గడి మీద నొక్కి, ఎక్కువ పని లాగుతున్నదాన్ని పైకి రప్పించాను. దాని పేరు "ఎస్‌వీసీ హోస్ట్". ఇది విండోస్ తాలూకు పెద్దమనిషే. తెర వెనుక జరిగే సేవలను మోసేది అదే. 2017 నుంచి, జ్ఞాపకశక్తి మూడున్నర జీబీ దాటిన యంత్రాలలో చాలా సేవలకు వేరువేరుగా ఒక్కొక్కటి నడుస్తుంది. కాబట్టి పట్టీలో ఆ పేరు యాభైసార్లు కనబడినా తప్పులేదు. అలా అనుకొనే వదిలిపెట్టబోయాను.

అప్పుడు ఊరు అడగాలని తోచింది. పేరు మీద కుడిమీట నొక్కి "ఓపెన్ ఫైల్ లొకేషన్" అంటే చిరునామా చూపుతుంది. అసలైన ఎస్‌వీసీ హోస్ట్ నివాసం విండోస్ ఫోల్డరులోని సిస్టం32, లేదా సిస్‌వావ్64. ఇదో, నా పేరిట ఉన్న యాప్‌డేటా ఫోల్డరులో మకాం పెట్టింది! ఉచితంగా వస్తున్నదని ఎవరి పెన్‌డ్రైవు నుంచో ఎక్కించుకొన్న తెలుగు అక్షరాల మూటతో వచ్చిన దొంగ అది. ఎవరికోసమో క్రిప్టో నాణెములు సంపాదించి పెడుతున్నది. కరెంటు ఖర్చు మాది, రాబడి వాడిది.

మా నాన్నగారి పింఛను ఖాతా, అమ్మాయి కాలేజీ ఫీజు, రెండూ ఆ యంత్రం మీదనే చూస్తాము. గుండె ఝల్లుమన్నది. వెంటనే ఇంటర్నెట్టు ఆపి, విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడిపాను. యంత్రం తనంతట తాను ఆగి మొదలై, పావుగంటలో దొంగను పట్టింది. పాస్‌వర్డులన్నీ ఫోనులోనుంచి మార్చాను. డబ్బేమీ పోలేదు. అది నా తెలివి కాదు, అదృష్టం.

పాఠకులకు నాలుగు మాటలు. తెలియని పేరు కనబడగానే ఆపవద్దు, చిరునామా చూడండి. ఒకటి రెండక్షరాలు తారుమారు చేసిన పేర్లను జాగ్రత్తగా చదవండి. మైక్రోసాఫ్ట్ వారు ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అనే సాధనం 2014 నుంచి అనుమానితులను వైరస్‌టోటల్‌లో విచారించి చెబుతున్నది. అక్కరలేనివి యంత్రంతోపాటు మేల్కొంటుంటే స్టార్టప్ పట్టీలో "డిసేబుల్" చేస్తే చాలు.

వృథాగా భయపడనూ వద్దు. మా ఆఫీసు మిత్రుడొకరు "సిస్టం ఐడిల్ ప్రాసెస్" నూటికి తొంభైఏడు పాళ్ళు తింటున్నదని నిద్రమానుకొన్నారు. అది తిండి కాదు, యంత్రం ఖాళీగా ఉన్న కాలం!

ఎవరైనా ఫోనుచేసి, మీ పట్టీలో వైరసులున్నాయి, యంత్రం మా చేతికివ్వండి అంటే ఇవ్వకండి. సొమ్ము పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి.

చందాల పట్టీ మళ్ళీ టైపు చేశాను. ఈసారి ప్రతి పేరుకూ భద్రపరచుకొంటూ.