వీధి చివర ఏమున్నది?

ఊరు పెరిగితే దారులు పెరుగుతాయి. అందులో వింత లేదు. కాని ఆ దారులు ఒకదానితో ఒకటి కలుస్తాయన్న భరోసా లేదు. చిక్కంతా అక్కడే ఉన్నది.

మా ఏన్కూరు తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే బాట మీద, అడవి అంచున ఉన్న ఊరు. ఇటువంటి ఊళ్ళలో పాత వీధులు సందులతో అల్లుకొని ఉంటాయి. ఒక సందులో పెళ్ళిపందిరి వేస్తే మరొక సందున పోవచ్చు. పాలకు వెళ్ళే పిల్లవాడు రహదారి ఎక్కనక్కరలేదు.

హైదరాబాదు కూడా దారుల కలయికతోనే పుట్టింది. 1578లోనే మూసీ మీద పురానాపూల్ సిద్ధమైంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నగరానికి పునాది వేశాడు. అంటే ఊరికంటె వంతెన పెద్దది! నడుమ చార్మినారు, నాలుగు దిక్కులా నాలుగు రాజవీధులు. 1908 వరదల తరువాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు పేటలను సరిచేసి వెడల్పు వీధులు వేసింది.

తరువాత నగరం పరుగెత్తింది. 2007లో 12 పురపాలక సంఘాలను కలుపుకొని మహానగరమైంది. చుట్టూ 158 కిలోమీటర్ల వలయ రహదారి వచ్చింది. కాని లోపల కాలనీలు చేనుకు ఒకటిగా లేచినవి. ఎవరి హద్దు వరకు వారు వీధి వేసి, అక్కడ గోడ కట్టుకున్నారు. అక్కడ మా బంధువుల ఇంటి కిటికీలోంచి బడి కనిపిస్తుంది. పిల్లవాణ్ణి మాత్రం ఆటోలో పంపుతారు! నడుమ గోడ ఉన్నది మరి. అన్ని ఇళ్ళవారూ ఒకే మొగ నుంచి ఒకే రోడ్డు మీద పడితే, ఎంత వెడల్పు చేసినా ఆ రోడ్డు చాలుతుందా? అందుకే 2017లో ప్రత్యేకంగా రోడ్ల అభివృద్ధి సంస్థను పెట్టి, తెగిన దారులను కలిపే లింకు రోడ్లు వేయించవలసి వచ్చింది.

వీధుల పొందికను కొలవడానికి పండితులకు ఒక సులువైన లెక్క ఉన్నది. మొగమొగకూ ఎన్ని దారులు కలుస్తాయో చూస్తారు. నాలుగైతే మేలు, మూడైతే ఒక మోస్తరు, ఒకటే అయితే గొంది. అమెరికాలో ఈ గొందుల పోకడ 1990ల నడుమ శిఖరానికి చేరి, ఆపైన తగ్గుముఖం పట్టిందని 2015లో లెక్కగట్టారు.

ఇల్లు కూల్చి మళ్ళీ కట్టుకోవచ్చు. వీధి అట్లా కాదు. చార్మినారు దారులు నాలుగు వందల ఏళ్ళు దాటినా అక్కడే ఉన్నవి.

మా వైపున కూడా రహదారి పక్క చేలలో హద్దురాళ్ళు పాతుతున్నారు. ప్లాటు కొనేవారు ఈశాన్యం చూస్తారు, వీధిపోటు ఉన్నదా అని అడుగుతారు. వీధి చివర దారి ఉన్నదా, గోడ ఉన్నదా అని కూడా అడగండి. చేను చేనుగా ఉన్నప్పుడు దారి వదలడానికి నాలుగు గజాల నేల చాలు. ఇళ్ళు లేచాక ఎవరి గోడ పడగొట్టాలి?